చట్టసమ్మతము – ధర్మసమ్మతము

ఆంగ్లభాషలో ‘లీగల్’ అను చిన్నమాట యొకటి కలదు. ఆ భాష రానివారు కూడ మన దేశమున దీనిని నిత్యము వాడుచునే యున్నారు. అద్దెయింటి తగాదాలో ‘లీగల్ నోటీసు’ వచ్చినదందురు. ఆస్తి పంపకములో ‘లీగల్ వారసుడు’ ఎవడని యడుగుదురు. వ్యాపారి తన లెక్కలను గూర్చి యెవరైన సందేహించినచో ‘అంతయు లీగలే’ అని ఒక్కమాటతో వారి నోరు మూయించును. మొదటి రెండు తావులలో ఈ పదము ఒక సంగతిని తెల్పి యూరకున్నది. మూడవ తావులో అట్లు గాదు. అచ్చట నది అడిగినవాని ప్రశ్ననే మార్చివేయుచున్నది. అతడు ‘ఇది తగునా?’ అని యడుగగా, వ్యాపారి ‘దీనికి శిక్ష లేదు’ అని బదులు చెప్పెను. ఈ ప్రశ్నకును ఈ ప్రత్యుత్తరమునకును నడుమ ఎంత దూరమున్నదో విచారింపవలసియున్నది.

ఈ పదము ఎదురైనప్పుడెల్ల అనువాదకుని కలము కొంత తడబడును. ‘న్యాయమైన’ అని వ్రాసినచో మూలములో లేనిది చేర్చినట్లగును. ‘చట్టబద్ధమైన’ అని వ్రాసినచో అర్థము సరిపోవును గాని, తెలుగు పాఠకుని చెవికి ఆ మాటలో మెప్పు వినబడదు. ఆంగ్లేయుని చెవికి ‘లీగల్’ అను మాటలో కొంత మెప్పు వినబడును. మన వ్యవహారమున న్యాయస్థానము, న్యాయవాది, న్యాయమూర్తి అను పేర్లన్నియు న్యాయమను పెద్దమాటను మోయుచున్నవి. వాని నడుమ జరుగునది మాత్రము చాలవరకు చట్టవిచారణయే. వెనుకటి పల్లెటూరివారు అర్జీలలో దొరలను ‘ధర్మప్రభువులు’ అని సంబోధించి వ్రాయించెడివారు. అది పొగడ్త మాత్రమే కాదు, ఆశ కూడ.

‘లీగల్’ అను మాట శాసనమను అర్థముగల ‘లెక్స్’ అను లాటిను పదమునుండి పుట్టినది. ఆ లాటిను విశేషణమే ఫ్రెంచి నోటబడి రూపు మారి, ‘లాయల్’ అయి, మరల ఇంగ్లీషులోనికి వచ్చినది. అనగా చట్టసమ్మతమనుటకును రాజభక్తి యనుటకును ఆ భాషలో తల్లి యొక్కతెయే. ఈ చుట్టరికము కేవలము నిఘంటువులోని వింత కాదని ముందు తెలియగలదు. ‘లా’ అను మాట స్కాండినేవియా ప్రాచీనభాషనుండి వచ్చినది. ‘నెలకొల్పబడినది’ అని దాని మూలార్థము. ఎవరు నెలకొల్పిరి, ఎందుకు నెలకొల్పిరి అనునది ఆ మాటలో లేదు. ‘లాఫుల్’ అను మరియొక పదమునకు కొంత విశాలమైన అర్థము కలదు. ఇంగ్లీషు బైబిలులో విశ్రాంతిదినమున మేలు చేయుట తగునా యని యడుగు ఘట్టమున వాడినది ఈ పదమునే. అచ్చటి ప్రశ్న దైవాజ్ఞను గూర్చినది గాని రాజాజ్ఞను గూర్చినది కాదు.

మూడవది ‘లెజిటిమేట్’. ఇది మొదట పెండ్లి జరిగిన దంపతుల బిడ్డకు చెల్లి, తరువాత రాజ్యాధికారమునకును, వాదమునకును, కోరికకును ప్రాకినది. దీని వ్యతిరేకపదము పసికందులను ఎంత బాధించినదో చెప్పనక్కరలేదు. తన పుట్టుకలో ఏ శాసనమును అతిక్రమింపని శిశువునకు శాసనవిరుద్ధుడని పేరు పెట్టిన మాట యిది. మన దేశమున 1955 నాటి హిందూ వివాహచట్టము, 1976 నాటి సవరణతో మరింత స్పష్టమై, చెల్లని వివాహమున పుట్టిన బిడ్డలను కూడ సక్రమసంతానముగనే యెంచవలెనని విధించినది. బిడ్డ మారలేదు; మారినది చట్టము. దీనినిబట్టి ఆ పదము బిడ్డను గూర్చి యెంత చెప్పగలదో తెలిసికొనవచ్చును.

మన మాటలలోనికి వచ్చినచో, ‘చట్టము’ అను దానికి తమిళమున కొయ్యచట్రమను అర్థము కూడ కలదు. ‘కానూను’ అరబ్బీ ద్వారమున మనకు వచ్చినదైనను, దాని మూలము కొలబద్దను సూచించు గ్రీకు పదము. చట్రము పటమును గోడకు నిలుపును. పటము ఎవరిదో దానికి బట్టదు. కొలబద్ద గుడ్డ పొడవు చెప్పును. గుడ్డ దొంగసొత్తా కాదా యని చెప్పదు. ధర్మమన్నచో నిలిపియుంచునది, ధరించునది యని అందరెరిగినదే.

ఈ భేదమును తెలిసికొనుటకు భారతములోని ద్యూతసభను మించిన తావు వేరొకటి లేదు. ద్రౌపది సభకు పంపిన ప్రశ్న నిజమునకు చట్టప్రశ్న: తన్ను తాను ముందుగా ఓడిన వానికి నన్ను పణముగా నొడ్డు అధికార మెక్కడిది? ఆ ప్రశ్నకు ఇరుప్రక్కల వాదములు కలవని భీష్ముడెరుగును. ధనము లేనివాడు పరధనమును ఒడ్డలేడు. అయినను భార్య భర్తకు అధీనయని ఆనాటి కట్టుబాటు. ఆ చిక్కును విడదీయలేక ఆ మహానుభావుడు ధర్మము సూక్ష్మమని పలికి ఊరకుండెను. కాని సభలో ఆ క్షణమున జరుగుచున్నదేమి? ఏకవస్త్రయగు స్త్రీని జుట్టుపట్టి ఈడ్చుకొని వచ్చుచున్నారు. దానికి ఏ సూక్ష్మవిచారణయు అక్కరలేదు. వయసున చిన్నవాడైన వికర్ణునకు తోచినది పెద్దలకు తోచకపోవుటకు వారి పాండిత్యము చాలక కాదు. వారు చట్రమును పరిశీలించుచు పటము వంక చూడలేదు.

ఇక సూరతు. ‘లీగల్’ అను మాట మన దేశమున మొదట పాదము మోపిన రేవులలో అది ముఖ్యమైనది. 1600 డిశంబరు 31న ఎలిజబెత్తు రాణి ఈస్టిండియా కంపెనీకి పట్టా నిచ్చెను. తాను ఎన్నడును చూడని సముద్రములలో, తనవి గాని దేశములలో వర్తకము చేయుటకు ఆమె తన ప్రజలలో కొందరికి హక్కునిచ్చి, తక్కినవారికి నిషేధించెను. 1608లో హాకిన్సు దిగినది ఈ రేవుననే; 1613 నాటికి జహంగీరు అనుమతితో వారి వర్తకస్థానము అచ్చట వెలసినది. ఆ పట్టా లేకుండ వర్తకమునకు వచ్చిన ఇంగ్లీషువారిని కంపెనీవారు దొంగచాటు వర్తకులని నిందించిరి. ఇరువురును కొన్నది అదే నూలుగుడ్డ, అదే నీలిమందు. భేదము కాగితములోనిది.

కాగితపు మహిమ 1695లో మరింత విచిత్రముగ వెల్లడియైనది. మక్కాయాత్రికులను గొని సూరతునకు తిరిగివచ్చుచున్న ఔరంగజేబు చక్రవర్తి నౌక ‘గంజ్-ఇ-సవాయి’ని హెన్రీ ఎవరీ అను ఆంగ్లేయుడు పట్టుకొని దోచెను. అందలి స్త్రీపురుషులు పడిన హింస వర్ణింపదగినది కాదు. సూరతు జనులు కోపోద్రిక్తులైరి. అచ్చటి ఇంగ్లీషు వర్తకులు చెరలో బడిరి. ఆ కాలమున రాజుగారి అనుమతిపత్రము చేతనున్నవాడు శత్రునౌకను దోచినచో అది యుద్ధవ్యాపారము, చట్టసమ్మతము. అది లేనివాడు దోచినచో సముద్రచౌర్యము. ఎవరీ దొరకలేదు. అతని అనుచరులు కొందరు చిక్కిరి. 1696లో లండనులోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానమున వారిపై మొదట సూరతు నౌకను దోచిన అభియోగము విచారింపబడెను. పంచాయతీదారులు వారిని నిర్దోషులనిరి. ప్రభుత్వము దిగ్భ్రాంతి చెంది, వారే తాము పనిచేయు ఇంగ్లీషు ఓడను తిరుగుబాటుచేసి హరించిరని మరియొక అభియోగము మోపెను. ఈసారి నేరము రుజువై వారిలో పలువురు ఉరిదీయబడిరి. సూరతునకు చేరవలసిన వందలకొలది యాత్రికుల దుఃఖమునకు ఆ తీర్పులో చోటు లేదు. శిక్ష పడినది, అది చట్టసమ్మతముగనే పడినది, కాని ఏ పాపమునకు పడవలెనో దానికి మాత్రము పడలేదు.

రెండువందల ఏండ్లు దాటిన పిమ్మట అదే సూరతు జిల్లాలో ఈ మాట మరల పరీక్షకు నిలిచినది. బార్డోలీ తాలూకా కథ తెలుగువారికి క్రొత్త గాదు. అయినను దానిని వీరగాథగా చదివినంతగా, ఒక పదమునకు వ్యాఖ్యానముగా ఎవరును చదువలేదు.

బొంబాయి రాజధానిలో రైతుల భూమిశిస్తును ముప్పదియేండ్ల కొకసారి తిరిగి నిర్ణయించు పద్ధతి యుండెను. బార్డోలీలో 1896 నాటి బందోబస్తు గడువు ముగియగా, శిస్తును నూటికి 30 వంతులవరకు పెంచవచ్చునని క్రింది యధికారి సూచించెను. దానిపై ఇంకొక యధికారి సమీక్ష చేసెను. రైతులు అర్జీలు పెట్టుకొనిరి. శాసనసభ్యులు రాయబారములు చేసిరి. తుదకు ప్రభుత్వము 1927లో సుమారు 22 వంతుల పెంపును ఖాయపరచెను. ఇందులో చట్టమునకు విరుద్ధమైన దేమియు లేదు. 1879 నాటి రెవెన్యూ చట్టము ఆ యధికారమును ఇచ్చియున్నది. ఈ మదింపు హెచ్చని సివిలు కోర్టునకు పోవుటకు వీలు లేకుండ 1876 నాటి మరియొక చట్టము తలుపు మూసియున్నది. అధికారులు వాడిన లెక్కలు చాలవరకు కౌలు రేట్లను ఆధారముగా జేసికొన్నవి. తాలూకాలో అధికభాగము భూమిని మాత్రము రైతులు స్వయముగనే సాగుచేసికొనుచుండిరి. లెక్క తప్పని రైతు అనవచ్చును. వినుటకు చట్టము నియమించిన చెవి లేదు.

1928 ఫిబ్రవరి 12న రైతులు చేసిన తీర్మానము గమనింపదగినది. వారు శిస్తు కట్టమనలేదు. పాత శిస్తును పూర్తి శిస్తుగా స్వీకరింపుడు, లేదా నిష్పక్షపాతమైన విచారణసంఘమును వేయుడు. అంతవరకు ఏమియు చెల్లింపము అని మాత్రమే యనిరి. నాయకుడు వల్లభ్‌భాయి పటేలు స్వయముగ బారిస్టరు. చట్టములోని యే తలుపు తెరచియున్నదో, ఏది మూసియున్నదో ఆయనకు బాగుగా తెలియును. తెలిసియే ఆయన ఆ తలుపుల యెదుట నిలువక పల్లెలకు పోయెను.

తరువాత ప్రభుత్వము చేసిన ప్రతి పనికిని ఒక్కొక్క విభాగసంఖ్య కలదు. గేదెలు జప్తుచేయబడినవి. జప్తుబారినుండి కాపాడుకొనుటకై జనులు పశువులతో గూడ ఇండ్లలో తలుపులు బిగించుకొని నెలలకొలది చీకటిలో గడపిరి. పఠానులు కావలి పెట్టబడిరి. భూములు స్వాధీనము చేసికొనబడుచున్నవని వేలకొలది నోటీసులు అంటింపబడెను. కొన్ని భూములు నామమాత్రపు ధరలకు బయటివారికి అమ్ముడుపోయెను. జూలై 23న గవర్నరు లెస్లీ విల్సను శాసనసభలో మాటలాడుచు వివాదమును ఒక్క ప్రశ్నగా కుదించెను: ఈ దేశమున చక్రవర్తి శాసనము చెల్లునా, చెల్లదా? చెల్లదనినచో ప్రభుత్వము తన సర్వబలమును వినియోగించునని ఆయన హెచ్చరించెను. ‘లీగల్’, ‘లాయల్’ అను అక్కచెల్లెండ్రు చేతులు పట్టుకొని నిలుచుట ఇచ్చట కన్నులకు గట్టును. శిస్తు లెక్క సరియా కాదా యని రైతు అడిగెను. నీవు రాజభక్తుడవా కావా యని ఏలిక ఎదురడిగెను.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు రైతులు నిరాకరించుటలోనే వారి విజ్ఞత కలదు. వారు రాజద్రోహమును ఒప్పుకొనలేదు, రాజభక్తిని ప్రకటింపనూలేదు. లెక్క చూపుడనిరి. ఆగస్టు 6న రాజీ కుదిరినది. ఆ రాజీ రూపము కూడ వినోదకరమైనది. ప్రభుత్వము విధించిన షరతులు నెరవేరగలవని సూరతు శాసనసభ్యులు ఒక లేఖ వ్రాసిరి. ఆ లేఖ వ్రాసినవారు రైతులు గారు, రైతులు దానిపై సంతకము చేయలేదు. చట్టము గౌరవము కాగితముమీద నిలిచినది, విచారణసంఘము నేలమీదికి వచ్చినది. భూములు తిరిగి యజమానులకు చేరెను.

విచారణకు నియమింపబడిన ఇద్దరు అధికారులలో న్యాయశాఖకు చెందినవాడు బ్రూమ్‌ఫీల్డు. ఈ పేరు పాఠకులకు గుర్తుండవచ్చును. 1922 మార్చి 18న అహమ్మదాబాదులో గాంధీజీకి రాజద్రోహనేరమునకై ఆరేండ్ల శిక్ష విధించిన న్యాయాధిపతి ఆయనయే. చట్టము మనుష్యుల తారతమ్యమును పాటింపదని ఆనాడు ఆయన చెప్పెను. చెప్పుచునే, తాను విచారించిన, విచారింపబోవు వారందరిలో ఈ ముద్దాయి వేరు తరగతివాడనుటను విస్మరింపలేననెను. ప్రభుత్వము ఈ శిక్షను తగ్గించినచో తనకంటె సంతోషించువారుండరనియు చేర్చెను. నేరము ఒప్పుకొని గరిష్ఠశిక్ష వేయుమని ముద్దాయి స్వయముగ కోరుచుండగా న్యాయాధిపతికి ఇంకేమి మిగులును? తన యాసనము చట్టము చేత కట్టబడినదని ఎరిగిన మనుష్యుని మాటలవి. ఆరేండ్లు గడచిన పిమ్మట ఆయనయే, రెవెన్యూ అధికారి మాక్స్‌వెలుతో గూడి, బార్డోలీ, చోరాసీ తాలూకాల పల్లెలు తిరిగి రైతులను ప్రశ్నించెను. ఈసారి ఆయన నడిగిన ప్రశ్న వేరు: పెంపు చట్టసమ్మతమా యని కాదు, లెక్క నిజమా యని. కౌలు లెక్కలు సరియైన విచారణ లేకుండ సేకరింపబడినవనియు, నమ్మదగినవి గావనియు 1929 నివేదిక తేల్చెను. 22 వంతుల పెంపు ఇంచుమించు 6 వంతులకు దిగినది. మనిషి యొక్కడే, బుద్ధి యొక్కటే. ప్రశ్న మారుటచేత జవాబు మారినది.

కృష్ణా గోదావరి మండలముల రైతులకు ఈ వార్త ఎంత ధైర్యమిచ్చెనో వేరుగ చెప్పనక్కరలేదు. అదే కాలమున వారి శిస్తును రూపాయికి మూడణాల చొప్పున పెంచుటకు మద్రాసు ప్రభుత్వము సంకల్పించియుండెను. బార్డోలీ పేరు ఆ సభలన్నిటను మారుమ్రోగెను.

ఇంతవరకు వచ్చిన పాఠకునకు ఒక సందేహము కలుగవలెను. కలుగనిచో చదువు సాగలేదన్నమాట. ప్రతివాడును తన కంటికి అధర్మమని తోచిన చట్టమును త్రోసిపుచ్చినచో గతియేమి? బందిపోటునకును మనస్సాక్షి యని యొకటి యుండునుగదా! చట్టము చట్రమే కావచ్చును. చట్రము లేని పటము చిరిగి గాలికి పోవును. బలహీనునకు చట్టము తప్ప వేరు గోడ లేదు. అది కూలినచో మొదట నలిగిపోవువాడు అతడే. ఈ యాక్షేపణ బలమైనది.

దీనికి సమాధానము కూడ బార్డోలీలోనే దొరకును, కాని 1928లో గాదు, 1922లో. ఆ సంవత్సరము ఆరంభమున గాంధీజీ శాసనోల్లంఘనమునకు ఎన్నుకొన్న తావు ఈ తాలూకాయే. సరిగా అప్పుడే గుంటూరు మండలమున పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున పన్నులు నిలిపి, గ్రామోద్యోగుల రాజీనామాలతో దొరతనమును స్తంభింపజేసియుండిరి. ఫిబ్రవరి 4న దూరమున చౌరీచౌరాలో జనులు పోలీసుస్టేషనును తగులబెట్టి అందున్నవారిని చంపిరి. కొలది దినములకే బార్డోలీలో సమావేశమైన కాంగ్రెసు కార్యవర్గము శాసనోల్లంఘనమును దేశమంతట ఆపివేసెను. తెలుగు రైతులకది మ్రింగరాని గ్రాసమైనది. ఏ తప్పును చేయని పెదనందిపాడు ఎందుకు ఆగవలెనని అడిగినవారు చాలమంది. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. కాని గాంధీజీ నియమము కఠినమైనది: చట్టములను భయము చేత గాక ఇష్టపూర్వకముగ పాటించుట అలవాటైనవానికే, ఏదో యొక చట్టమును బహిరంగముగ అతిక్రమించి శిక్షను తలవంచి గ్రహించు అర్హత కలుగును. బందిపోటు దాగుకొనును, సత్యాగ్రహి తన పేరు, ఊరు చెప్పి నిలుచును. ఇరువురును చట్టమును అతిక్రమించినవారే యనుటలో అబద్ధము లేదు. ఆ వాక్యము చెప్పవలసినదంతయు చెప్పెననుటలో నున్నది అబద్ధము.

అటువంటి వానిని చట్టము ఎట్లు పట్టుకొనవలెను? 1930 మే 4వ తేది అర్ధరాత్రి దాటిన పిమ్మట, ఆనాడు సూరతు జిల్లాలోనిదై నేడు నవసారి జిల్లాలో నున్న కరాడీ గ్రామమునకు జిల్లా మాజిస్ట్రేటు సాయుధులైన పోలీసులను వెంటగొని వచ్చెను. పందిరి క్రింద నిద్రించుచున్న గాంధీజీ ముఖమున దీపపుకాంతి పడినది. ఆయన లేచి, ఏ విభాగము క్రింద నిర్బంధమని ప్రశ్నించి, ఉత్తరువును చదివి వినిపింపుమని కోరెను. అది రాజద్రోహపు విభాగము గాదు. 1827 నాటి బొంబాయి 25వ రెగ్యులేషను. దాని ప్రకారము నేరము మోపనక్కరలేదు, విచారింపనక్కరలేదు, గడువు చెప్పనక్కరలేదు. ప్రభుత్వమునకు ఇష్టమున్నంతకాలము మనిషిని కాపుదలలో నుంచవచ్చును. ఉప్పు చట్టమును అతిక్రమించితినని లోకమంతటికి చాటుచున్న వ్యక్తిని ఉప్పు చట్టము క్రింద విచారించుటకు ప్రభుత్వము వెనుదీసెను. ఆయన యెనిమిది నెలలకు పైగా ఎరవాడలో నుండి, 1931 జనవరిలో విడుదలయయ్యెను. ఆ నిర్బంధము నిస్సంశయముగ ‘లీగల్’. నూటమూడేండ్ల కాగితము దానికి సాక్షి. అచ్చట చట్టమని పిలువబడినది పాలకుని యిచ్ఛకు మరియొక పేరు మాత్రమే.

ఈ కథ ఇచ్చట ముగిసినచో వినువారికి సుఖముగ నుండును. చట్టము దొరవైపు, ధర్మము రైతువైపు అని పంచి యింటికి పోవచ్చును. బార్డోలీ నేల అంత సుఖమును ఇయ్యదు.

ఆ తాలూకా పాటీదార్లు, అనావిల బ్రాహ్మణులు పెక్కండ్రు తమ పొలములను ‘హాళీ’లచేత దున్నించుచుండిరి. హాళీ యనగా నాగలివాడు. వీరు చాలవరకు దుబ్లా యను పేరుగల గిరిజనులు. పడుచువాడు పెండ్లి ఖర్చునకై భూస్వామివద్ద అప్పు చేయును. అది మొదలు అతడు ఆ యింటి మనిషి. రోజుకు ఇంత గింజ. పండుగకు ఒక గుడ్డ. భార్య యజమాని యింట పేడ యెత్తి అంట్లు తోమవలెను. గింజలు కడుపునకే చాలనప్పుడు అప్పు తీరుటెట్లు? జీవితాంతము తీరనిచో కొడుకు పెండ్లికి మరల అదే యింట అప్పు పుట్టును. విడిచి పారిపోయినవానిని వెదకి తెచ్చెడివారు. అప్పిచ్చుట చట్టవిరుద్ధము గాదు. అప్పు పుచ్చుకొనుట చట్టవిరుద్ధము గాదు. పని చేసి తీర్చుటకు ఒప్పుకొనుటయు చట్టవిరుద్ధము గాదు. ముక్కముక్కగా చూచినచో అంతయు సక్రమమే. 1928 ఫిబ్రవరి తీర్మానము భూమి గలవారి తీర్మానము. ‘మీ చట్టము మీయొద్ద నుండనిండు, లెక్క చూపుడు’ అని రైతు దొరను అడిగినట్లు, ‘నా లెక్క చూపుము’ అని హాళీ రైతును అడుగగలిగియుండెనా?

ఈ ప్రశ్నను ఎత్తుటచేత బార్డోలీ సత్యాగ్రహము చిన్నబోదు. దానిలోని వారే కొందరు దీనిని ఎత్తిరి. వేడ్చీ ఆశ్రమమున జుగత్‌రామ్ దవే వంటివారు గిరిజనుల నడుమ చదువు చెప్పుచు జీవితములను వెచ్చించిరి. దుబ్లాయను పేరు తొలగి ‘హళపతి’, అనగా నాగలికి అధిపతి, అను పేరు వచ్చినది. పేరు మారినంత త్వరగా బ్రతుకు మారలేదు. కాని పరుని చట్టమును ధర్మమను కొలబద్దతో కొలిచినవాడు, తనకు లాభకరమైన కట్టుబాటును కూడ ఆ కొలబద్దయొద్దకే తీసికొనిరావలెను. ఇది శిస్తు నిరాకరించుటకంటె కష్టమైన పని. శిస్తు నిరాకరించినవాడు గేదెను పోగొట్టుకొనును. ఇది చేసినవాడు తాను నీతిమంతుడనను నమ్మకమునే పోగొట్టుకొనవలసివచ్చును.

శాసనకర్తలు ఈ విషయమున మెల్లగ నడచిరి. 1860 నాటి శిక్షాస్మృతిలో 374వ విభాగము ఒకని యిష్టమునకు విరుద్ధముగ అతనిచేత పని చేయించుట నేరమనుచు, ‘చట్టవిరుద్ధముగా’ అను మాటను ముందు చేర్చెను. బలవంతపు చాకిరి నేరము గాదు. చట్టవిరుద్ధమైన బలవంతపు చాకిరి మాత్రమే నేరము. ఈ ఒక్క క్రియావిశేషణములో ఎందరి బ్రతుకులు ఇమిడిపోయెనో ఊహింపవలసినదే. 1950లో రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించెను. 1976లో పార్లమెంటు వెట్టిచాకిరి నిర్మూలనచట్టము చేసి, అట్టి అప్పులనే రద్దుపరచెను. 1982లో, ఆసియా క్రీడల కట్టడములలో పనిచేసిన కూలీల వ్యాజ్యమున, కనీసవేతనముకంటె తక్కువ కూలికి పని చేయువాడు ఆకలిచేత బలవంతపెట్టబడినవాడే యని సుప్రీముకోర్టు చెప్పెను. ఆకలి కూడ బలవంతమేనని గ్రహించుటకు చట్టమునకు అంతకాలము పట్టినది. హాళీకి మొదటినుండియు ఆ సంగతి తెలియును.

2024 జూలై 1 మొదలు ఆ పాత శిక్షాస్మృతి తావున భారతీయ న్యాయసంహిత అమలునకు వచ్చినది. పేరులో శిక్ష పోయి న్యాయము చేరినది. 146వ విభాగమున ఆ క్రియావిశేషణము మాత్రము యథాస్థానమున నున్నది. దానిని తెనిగించువాడు ‘చట్టవిరుద్ధముగా’ అనియే వ్రాయవలెను. ‘అన్యాయముగా’ అని వ్రాసినచో మూలమును మించి చెప్పిన తప్పు పట్టుబడును.